నాలుగు వేళ్ళ ఎత్తు

పొద్దున ఆరింటికి బిజు సారింట్లో
నల్లటి అద్దమే పొయ్యి.
మంట లేదు, వాసన లేదు,
వేలు పెడితే కూత, తీస్తే కూత.
అల్లం కడిగిన తడి వేలిని అది గుర్తుపట్టదు.
కొంగుకు తుడిచి, మళ్ళీ తుడిచి,
రేషనంగట్లో మిషను ముందర మా అవ్వ మాదిరి
ఒత్తుకుంటా నిలబడతాను.
పాల విషయంలో మాత్రం దాని గుణం ఒప్పుకోవాల,
అంకె తగ్గించిన క్షణమే పొంగు అణుగుతుంది.
ఒకరోజు నా అల్యూమినియం గిన్నె పెట్టి చూసినాను.
కింద గేటుకాడ వాచ్‌మన్ నన్ను అడిగినట్టే
నువ్వెవురు, ఎవురింటికి అన్నట్టు
గుడ్లార్పుతా ఉండిపోయింది.

ఏడున్నరకు హైమక్క.
నాలుగు మూతుల గాజు పొయ్యి, గాజు మీద ఎర్ర పూలు.
మా చిత్తూరు పక్క మనిషే,
సంగటి లేకుంటే ఆమెకు ఆదివారం గడవదు.
సంగటి గెలకాలంటే తెడ్డు మీద ఒళ్ళంతా వెయ్యాల.
గాజు మీద ఒళ్ళు వేసేదెట్లా?
గిన్నె దించి, నేలమీద గోనెపట్ట పరిచి,
పాదాల నడుమ ఇరికించుకోని గెలుకుతాను.
పోయిన వానల్లో, ఎవురూ ముట్టకుండానే
ఠప్‌మని పగిలి
కలకండ మాదిరి వంటింటినిండా రాలింది.
హైమక్క నా మొకం చూసింది.
నేను పొయ్యి మొకం చూసినాను.
నేనప్పుడు హాల్లో ఎర్రగడ్డలు ఒలస్తా ఉండాను,
నాకుండే సాక్ష్యం అదొక్కటే.

తొమ్మిదికి పదకొండో అంతస్తు.
అక్కడ పొయ్యి రాతిలోకి పూడ్చినారు.
పొయ్యి అన్నానని ఆ ఇంటి పాప నవ్వింది,
హాబ్ అనాలంట.
ఇత్తడి మూతులు, పైన చెట్టంత చిమ్నీ.
నడిమి మూతి వెలిగితే
బంతిపూవులో బంతిపూవు, దాంట్లో ఇంకో బంతిపూవు.
అట్లా మంట మీద దోసె వేస్తే
వేసినోళ్ళకే తినబుద్దవుతుంది.
కానీ పప్పు పొంగిందా, ఏ సందులోకి దిగుతుందో
రాతికే తెలియాల.
ఒకనాడు దాని బ్యాటరీ చచ్చిపోయింది.
కోటి రూపాయల ఇంట్లో అగ్గిపెట్టె లేదు!
లిఫ్టు దిగిపోయి
కార్లు కడిగే పిల్లోణ్ణి అడుక్కోని
బీడీ లైటరు తెచ్చినాను.

చూడసంద్రలో మా రేకులింట్లో
రెండు మూతుల స్టీలు పొయ్యి, అయిదు కిలోల సిలిండరు.
చిన్న మూతి సగం పూడిపోయింది.
పిన్నీసుతో పొడిస్తే దగ్గి, తుమ్మి
నీలంగా లేస్తుంది.
అయినా, వంకాయ కాల్చాలంటే అదే.
తొక్క నల్లగా చిట్లి, రసం చుర్రుమని కారేది
ఆ అద్దాల మీద యాడ చూస్తాం?

ఇవన్నీ ఎందుకు చెప్తా ఉండానంటే,
మౌషుమి మేడమ్ కొత్త ఫ్లాటు కొనింది.
మూడు రంగుల కాగితాలు గట్టు మీద పరిచి
ఏది పెట్టిస్తే బాగుంటాది, నువ్వే చెప్పు అనింది.
తొమ్మిదేండ్లలో నన్ను ఎవురూ అడగలేదు ఆ మాట.
ఉప్పు సరిపోయిందా అని కూడా
వాళ్ళలో వాళ్ళే అడుక్కుంటారు.

చేతిలో గరిట పట్టుకోని ఆలోచించినాను.
మేడమ్ నాకంటే జానెడు ఎత్తు.
గట్టు ఆమె నడుముకు కొలిచి కట్టినారు,
ఆమె వంటింట్లోకి వచ్చేదేమో ఫ్రిజ్జు దాకా.
కుడి మోచెయ్యి గాల్లోకెత్తి తిప్పీ తిప్పీ
రాత్రయితే నా భుజం
పాత తలుపు మాదిరి పలుకుతుంది.

ఏదైనా పెట్టించండి మేడమ్,
గట్టు మాత్రం నాలుగు వేళ్ళు దించండి అన్నాను.

ఆమె కాగితం మీద నాలుగు అని రాసింది.
అంగుళాలా అనింది.
వేళ్ళే, అన్నాను.
చెయ్యి తుడుచుకోని రాతి మీద అడ్డంగా పెట్టినాను,
పసుపు పట్టిన గోళ్ళు, చిటికెనవేలి మీద పాత బొబ్బ.
లోపలికి పోయి టేపు తెచ్చి
నా వేళ్ళకు ఆనించి కొలిచింది.
మూడంగుళాలు.
అంతేనా? అనింది.
అంతే, అన్నాను.

అప్పటికే వెనకాల
పప్పు అడుగంటే వాసన మొదలయింది.