జిప్పు

హల్ ఊళ్లో, ఏరు సముద్రమయ్యే చోట,
చేపల మార్కెట్టు మూసేసినా వాసన పోని వీధిలో
ఒక పాత హాలు.
నవంబరు మూడో శనివారం, రాత్రి పదకొండున్నర ఆట.
టికెట్లు చింపేది నేనే.

వాళ్ల మాటలో కెప్టెన్ కార్మొరాంట్,
మన మాటలో నీటికాకి.
చవక బొమ్మల పుస్తకంలోంచి లేచి
ఎనభై ఏడులో తెరమీద మునిగిన వీరుడు.
శుక్రవారం విడుదల. గురువారానికి
ఎలుకలు కూడా పక్క హాలుకు వెళ్లిపోయాయట.
డబ్బు పెట్టినాయన ఇల్లమ్మి కారవాన్లో కాపురం.
మా వైపైతే, బాక్సు తిరుగుటపాలో వచ్చిందంటాం.

ఇప్పుడేమో వరసలో నిలబడ్డారు
డ్యూటీ దిగిన నర్సులు, క్రేన్లు నడిపేవాళ్లు,
చెత్త సంచులు రెక్కలుగా కట్టుకున్న కాలేజీ పిల్లలు.
వీరుడు సముద్రంలో దూకగానే
(ఈతకొలను పలకలు కనపడుతూనే ఉంటాయి)
హాలంతా గొడుగులు విప్పుతుంది.
విలన్ నోరు తెరవకముందే
"పోటు నాదే, పాటూ నాదే!" అని వీళ్లే అరుస్తారు.
ఆనాడు ఉతికి ఆరేసిన సమీక్షల్ని
ముక్కలు చేసి చల్లుతారు.

యాభై రెండో నిమిషం.
వీరుడు వెనక్కి తిరుగుతాడు.
మెడ నుంచి నడుము దాకా తళుక్కున ఒక జిప్పు.
రెండువందల గొంతులు ఒక్కసారిగా:
"జిప్పూ!"

చివరి వరసలో ఏవ్రిల్ బ్లెంకిన్,
ఒళ్లో టీ ఫ్లాస్కు, డెబ్భై తొమ్మిదేళ్లు.
ఆవిడ టికెట్టు ఎప్పుడూ కొనదు, నేనెప్పుడూ అడగను.
ఈసారి ఆట మొదలవకముందు, వాన తగ్గేదాకా, చెప్పింది:

"మొదట్లో జిప్పే లేదు. కనపడకుండా కుట్టేశాను.
పైన గొడుగు గుడ్డ, లోపల రబ్బరు.
తొలిరోజే ఆ కుర్రాడు, లెన్, ఊపిరాడక నీలమైపోయాడు.
కత్తెర ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.
పళ్లతో చింపాను.
ఆ రాత్రే వెన్ను నిలువునా కోసి
మా ఆయన పడవ కోటుది, ఇత్తడిది, విప్పి పెట్టాను.
మెరుస్తుందని డైరెక్టరు తిట్టాడు.
మెరవనీ అన్నాను."

లెన్ బస్సులు నడిపి రిటైరయ్యాడట.
ఏటా క్రిస్మస్ కార్డు వేస్తాడు,
అందులో ఒకటే ముక్క: ఇంకా పీలుస్తున్నాను.

"వీళ్లకి చెప్పనా?" అన్నాను.
"ఎందుకూ? చక్కగా నవ్వుతున్నారు."

యాభై రెండో నిమిషం.
టార్చి పట్టుకుని తలుపు దగ్గర నేను.
ఏటా నేనూ అరిచేదాన్నే.
నోరు తెరిచాను, సగం శబ్దమే వచ్చింది.
అందరికంటే అర క్షణం ముందు
చివరి వరసలోంచి ఒక్క గొంతు,
"జిప్పూ!"

రెండు దాటింది. ఊడుస్తున్నాను.
తడి గొడుగు నీళ్లలో కాగితాలు, బూట్ల అచ్చులు.
ఏవ్రిల్ కాళ్లు పైకెత్తి చీపురుకు దారిచ్చింది.
ఒక ముక్క మీద అచ్చు ఇంకా చెరగలేదు:
'దుస్తులు మరీ ఘోరం.'
దాన్నీ చేటలోకే ఎత్తాను.