ఎబ్బెట్టు

ఆటోనగర్ మూడో రోడ్డులో మా షెడ్డు.
నాది లెక్కల పుస్తకం,
కాలేషా మేస్త్రిది రంగుల బల్ల.

లారీ నొసట చిలకాకుపచ్చ,
దాని మీద రాణి రంగు తామర,
తామరకి అటూ ఇటూ నెమళ్లు.
ఒకదాని మెడ కాస్త పొడుగు,
ఎప్పుడూ ఎడమదే.

ఓనరుగారబ్బాయి వచ్చాడు.
నల్లద్దాలు తియ్యకుండానే చూశాడు.
"ఎబ్బెట్టుగా ఉందండీ. చెరిపించండి.
బూడిద రంగు చాలు, పేరు స్టిక్కరు వేయిద్దాం."

మేస్త్రి ఏమీ అనలేదు.
థిన్నర్ గుడ్డతో
నెమలి కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు.

ఆ మాట నాకు
పంటి సందున జామగింజయింది.
ఆదివారం లెనిన్ సెంటర్లో
అట్ట లేని నిఘంటువొకటి, బేరమాడి ఎనభైకి కొని
ఫుట్‌పాత్ మీదే తెరిచాను.
అర్థం ఉంది. ఎక్కణ్ణించి వచ్చిందో లేదు.

వెగటుకి కనీసం నాలుకుంది,
నెయ్యెక్కువైన మూడో సున్నుండ దగ్గర పుట్టి ఉంటుంది.
మోటుకి చేతులున్నాయి, కాయలు కాసినవి.
నాటు సంగతి మాచవరం కోళ్ల కొట్లో అడగండి,
బ్రాయిలర్ మీద రెండింతలు పలుకుతుంది.
దీనికే, ఈ ఎబ్బెట్టుకే,
ఊరూ పేరూ లేవు.
అయినా తలుపు తట్టకుండా అందరిళ్లలోకీ దూరింది.

మా ఇంట్లోకి నేనే తెచ్చాను,
పెళ్లయిన ఏడాది,
టీవీ మీద మా ఆవిడ పెట్టిన ప్లాస్టిక్ గులాబీల్ని చూసి.
మర్నాటికి ఆ పూలు లేవు.
ఏమయ్యాయని నేనడగలేదు.

సోమవారం టీ దగ్గర మేస్త్రికి చెప్పాను.
ఊదుకుంటూ విన్నాడు.
"ఎవరి బెట్టు ఇది అని ఎవరో అడిగుంటారు సార్.
నోట్లో కిళ్లీ ఉండి
ఎబ్బెట్టు అయ్యుంటది."
నవ్వలేదు. గ్లాసు కడిగి బోర్లించాడు.

నెలకి బూడిద లారీ
బేరింగు పనికి వచ్చింది.
డ్రైవర్ ఏసోబు రంగుల బల్ల దగ్గర తచ్చాడాడు.
"గుంటూరు మిర్చి యార్డు బయట రాత్రిపూట
మూడొందల బళ్లు, మేస్త్రీ.
నా బండి నాకే దొరకలా. గంట తిరిగా.
ఓనరుకి కనపడకుండా ఎక్కడన్నా..."

డీజిల్ ట్యాంకు వెనక,
టార్చి పట్టుకుని వంగితే తప్ప కనపడని చోట,
అరచెయ్యంత చిలక.

ముక్కుకి ఎరుపు కలుపుతూ
మేస్త్రి నావైపు చూశాడు.
"ఇంకాస్త ఎబ్బెట్టుగా ఉండాలా సార్?"

ఉండాలన్నాను.
చిట్టాలో మాత్రం
గ్రీజు అని రాశాను.