రెండు మార్కులు తక్కువ

జడ్చర్ల దాటినంక బైపాసు పక్కన
మూడంతస్తుల అద్దాల ఆఫీసు.
గ్రీన్ బిల్డింగని పేరు, ఏసిన రంగు మాత్రం తెలుపు.
దాని కాగితాలు నింపే కొలువు నాది.

నల్లా తిప్పితే నిమిషానికెన్ని లీటర్లు,
ఎండల ఎంత పాలు లోపలికి దిగుతది,
ఇటుక ఎన్ని కిలోమీటర్లు బండెక్కి వచ్చింది,
అన్నిటికీ గడులున్నయి.
బూడిద ఇటుక దూరం రాసిన, తాండూరు బండ దూరం రాసిన.
పన్నెండేండ్లకే గుంపు మేస్త్రీ ఎంట పోయి
సూరత్‌ల గోడలు, పుణెల మెట్లు,
పేరు యాదికి లేని ఏదో నది మీద కట్ట
కట్టి మళ్ళొచ్చిన కుర్మయ్య దూరం
రాయనీకి గడి లేదు.

ఇప్పుడాయన కావలి.
పునాది తవ్విన మట్టి, పలిగిన బండలు, మిగిలిన కట్టెలు
ఏరుకొని గేటు పక్కన గంపంత మిద్దె ఏసుకున్నడు.
కట్టెల మీద ఈత కమ్మలు, కమ్మల మీద జానెడు చౌడు.
"మిర్గానికి ముందు నాలుగు తట్టలు పోస్తే సాలు సారూ,
ఏడాదంత సుక్క దిగది."

మే నెలల మార్కులెయ్యనీకి మేడమొచ్చింది.
మిట్టమధ్యానం కరెంటు పోయింది,
జనరేటరు దగ్గి ఊకున్నది,
అద్దాల ఆఫీసు ఇగురుబెట్టిన గిన్నె.
మేడం టిఫిను కుర్మయ్య మిద్దెల ఇప్పింది.
డబ్బా పక్కన మీటరు పెట్టింది:
బయట నలభై మూడు, లోపల ముప్పై ఒకటి.
చెడిపోయిందేమోనని వేలితో కొట్టి సూసింది.
మళ్ళీ ముప్పై ఒకటే.
"ప్లాన్‌ల ఇది లేదు కదా?"
"లేదు మేడం" అన్న. నా గొంతే అన్నది.

బంగారు ఫలకానికి రెండు మార్కులు తక్కువ.

ఆదివారం జేసీబీ వచ్చింది.
అంతకుముందే కుర్మయ్య పైకెక్కి
చౌడంత పారతో దింపుకున్నడు,
నెత్తిమీది కడవను దించినట్టు, తొణకకుండ.
మిగిలిన మట్టి గడ్డి మడుల కింద పరిచినం.

సోమవారం ఇంకో గడి నింపిన.
కూల్చిన సామాను: రెండు టన్నులు.
బయటికి పోయింది: సున్న.
మళ్ళీ వాడిన తావుకు దూరం: నలభై అడుగులు.
రెండు మార్కులూ వచ్చినయి.

ఫలకం బిగించింది కుర్మయ్యనే.
లెవెలు అడగలేదు, ఒక కన్ను మూసి సూసిండు, అంతే.
"ఏం రాసిండ్రు సారూ?"
చదివిన. సగం దాకనే.

మూడు బస్తాల చౌడు గేటు కాడ అట్లనే ఉన్నది.
మిర్గం రేపో మాపో.