ఏడో పేరా

టొలీడోలో మా లాయరాఫీసు కింద డోనట్ల కొట్టు.
పైన మేం
నొప్పులకి నంబర్లు వేస్తుంటాం.

లూసిల్ ష్రోడెక్ వచ్చి కూర్చుంది,
కోటు ఒక చేతికే తొడుక్కుని
రెండోవైపు ఊరికే కప్పుకుని.
ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు.
చెయ్యి తిరిగిన డ్రైవరు.
ఇప్పుడు ఆ చెయ్యే తిరగడం లేదు.

అక్టోబరులో, మందుల షాపులో, ఫ్లూ టీకా.
"నాది ఎడమచేతి వాటం, కుడిచేతికి వెయ్యి" అని తనే చెప్పింది.
ఆమె స్టూలు మీద, అతను నిలబడి.
వెయ్యాల్సిన చోటికి రెండు వేళ్ళు పైన.
కండలో ఆగాల్సిన సూది కీలు దాకా పోయింది.

నొప్పి ఎప్పుడు మొదలైంది?
నలభై ఎనిమిది గంటల లోపేనా?
చట్టం ముందు అడిగేది అదే.
ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది జనవరిలో.
"తగ్గిపోతుందిలే అనుకున్నా" అంది
తప్పు చేసినదానిలా.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు
ప్రతి ప్రశ్నకీ ఆమె ఎడమచెయ్యి కుడిభుజం మీదికి పోతోంది.
దొంగతనమేం లేదు.
అక్కడ సలుపుతోంది, అంతే.

అవతల ప్రభుత్వ వకీలు: మధ్యలో మూడు నెలలకి కాగితమేదీ?

ఎవరైనా చూశారా, అన్నాను.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
కిందనుంచి కాగిన నూనె వాసన.
"ఎజ్రా చూశాడు."

ఒకటో తరగతి. మూడో స్టాపు.
టీకా మర్నాడు, శుక్రవారం,
తలుపు లివరు ఎడమచేత్తో ఒరిగి లాగుతుంటే
మెట్టు మీదే ఆగిపోయాడట:
"మిస్ లూసిల్, ఆ చెయ్యి నిద్రపోయిందా?"

వాళ్ళమ్మకి గుర్తుంది.
ఆ సాయంత్రమంతా పిల్లాడు
ఒక చెయ్యి చొక్కాలో దాచుకుని
సోఫా మీద బస్సు నడిపాడు.
నోటరీ ముందు సంతకం పెట్టింది.

ఏడో పేరా నేనే టైపు చేశాను.
"భుజ చలనంలో పరిమితి గమనించబడినది" అని మొదలెట్టి
కొట్టేసి
పిల్లాడి మాటే పెట్టాను.

రెండున్నరేళ్ళు.
డబ్బొచ్చింది.
ఎవరిదీ తప్పని ఎక్కడా రాయలేదు,
ఆ ఫారంలో క్షమాపణకి గడి లేదు.
జుట్టు వెనక్కి ముడేసుకోవడం మాత్రం
ఇంకా రాలేదు.

మొన్న డోనట్ల వరసలో కనబడింది.
ఈ ఏడాదీ టీకా వేయించుకుందట,
మిగిలిన ఆ మంచి చేతికే.
"భయమెయ్యలేదా?"
"ఎందుకెయ్యదూ!
పక్కనున్న కుర్చీ లాగి
సూది పట్టుకున్న కుర్రాడితో అన్నా
ముందు నువ్వు కూడా కూర్చో నాయనా, అని."