అప్పు తెచ్చిన లెక్క

ఆ పొద్దున మూడో తరగతికి
యాభై మూడులోంచి ఇరవై ఎనిమిది తీసేయడం చెప్పాను.
మూడులోంచి ఎనిమిది పోదు.
పోకపోతే?
"పక్కింటికెళ్ళి పది అప్పు తెస్తాం, ఇబూ!"
ముప్పై ఒక్క గొంతులు. రేకుల కప్పు అదిరింది.
అయిదు మీద అడ్డగీత కొట్టి
దాని నెత్తిన చిన్న నాలుగు రాశాను.
"ఇచ్చినవాడు చిక్కిపోతాడు, మరిచిపోకండి."

మధ్యాహ్నం మూడింటికి
ఎగోన్ కొండ దారిన, మోటారు సైకిలు మీద
ఫాదర్ గౌదెన్సియుస్ వస్తారు.
పిల్లలకు మొదటి పాపసంకీర్తనం.
తలా ఓ కాగితం ఇచ్చాను, గుర్తున్నంతవరకు రాసుకోమని.

ఫ్లోరెస్ దీవిలో ఎనిమిదేళ్ళ పాపాలు ఇలా ఉంటాయి:
చెల్లి వాటా ఎండుచేప తినడం.
జపమాల మూడో రహస్యం దగ్గర నిద్రపోవడం.
కోతి అని మామయ్యను, ఆయన వెనక.
యోహాకిమ్ "హత్య" అని రాశాడు, పెద్ద అక్షరాలతో.
ఎవర్నిరా అంటే
"బల్లిని. తోక మాత్రం బతికే ఉంది."

లంబెర్తుస్ కాగితం ఖాళీ.
పెన్సిలు కొన నమిలి నమిలి
పెదవి నల్లబడింది కానీ అక్షరం పడలేదు.
నాలుగింటికి లేస్తాడు వాడు.
అమ్మ ఉప్పు వండే పొయ్యికి పుల్లలు వేస్తాడు,
తమ్ముడి ముక్కు తుడుస్తాడు,
రెండు డబ్బాల నీళ్ళు మోసి, ఒడ్డు వెంట గంట నడిచి
నా బడికొస్తాడు, మోకాళ్ళ దాకా తెల్లని ఉప్పుతో.
తప్పు చెయ్యడానికైనా కాస్త తీరిక కావాలి.
పాపం, వాడికి పాపమే లేదు.

పక్క బల్ల మీద ఎమెరెన్సియాకి పదకొండున్నాయి.
కాసేపు వాడి వైపు చూసింది.
తన కాగితం అడుగున ఒక్క వరుస
జాగ్రత్తగా చింపి, బల్ల కింద నుంచి అందించింది:
"గుడి వెనక జీడిపండ్లు. రెండు."

నేను చూశాను.
చూసి, కిటికీ వైపు తిరిగి
లేని పడవలు లెక్కపెట్టాను.

నాలుగున్నరకి అందరూ బయటికొచ్చారు
తల తడుపుకున్న కోడిపిల్లల్లా, తేలిగ్గా.
వాడు మూడు మరియమ్మ జపాలు
తడబడకుండా చెప్పి లేచాడు.

"పోయిందా?" అంది ఎమెరెన్సియా.
"పోయింది."
"నాదెలా పోతుందిరా, నువ్వు చెబితే?
నేను పదే చెప్పాను ఫాదర్‌కి!"
ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.
జ్ఞానోపదేశం పుస్తకమంతా తిరగేశాను లోలోపల.
అప్పిచ్చిన పాపం గురించి
ఏ పేజీలోనూ లేదు.

అప్పుడు లంబెర్తుస్ ముఖం మారింది.
దొంగతనం చెయ్యకుండానే చేశానన్నాడు కదా.
ఎవరితో? ఫాదర్‌తో. ఎక్కడ? గుళ్ళో, మోకాళ్ళ మీద.
"ఇబూ, అది అబద్ధమే కదా?"
అవునన్నాను.
"నాదే కదా? నాదేనా?"

కొత్త చొక్కా కొనిచ్చినట్టు వెలిగాడు.
అప్పటికే బండి స్టార్టయింది.
ఎర్ర నిక్కరు, ఉప్పు కాళ్ళు,
ఎత్తు దారిన దుమ్ములో పడి పరుగు.
"నేనూ వస్తానుండు, పదకొండోది మిగిలింది"
అంటూ వెనకాల ఎమెరెన్సియా.

చింతచెట్టు మలుపులో బండి ఆగింది.
ఫాదర్ హెల్మెట్ తీసి, వంగి
వాడి నోటి దగ్గర చెవి పెట్టారు.
ఆయన భుజాలు ఎందుకో కదిలాయి.
ఇంకొకరి సంకీర్తన చూపుతో కూడా వినకూడదు.
తరగతిలోకి వచ్చేశాను.

బోర్డు మీద ఇంకా అలాగే ఉంది
కొట్టేసిన అయిదు, దాని నెత్తిన నాలుగు.
తడిగుడ్డ తీశాను కానీ
ఎందుకో ఆ మూల తుడవలేదు.
నా కాగితం మీదా ఒకటుంది కదా,
కిటికీ వైపు తిరగడం.
వచ్చే శనివారం దాకా
దాన్ని ఎవరికీ అప్పివ్వను.