బుధవారం పాఠం

కింది వాటాలో రిటైర్డ్ రైల్వే గార్డు మోజెస్ గారి టీవీ
తెల్లారకముందు నుంచీ అమెరికా ఓట్లు లెక్కపెడుతోంది.
ఎర్ర రాష్ట్రం, నీలం రాష్ట్రం,
నడుమ గోడల రంగు ప్రకటన.
“ఎవరు గెలిస్తే మనకేంటమ్మా” అంటాడాయన,
చానెల్ మాత్రం మార్చడు.

పై వాటాలో నా విద్యార్థి డెస్ హారిగన్.
పటాన్‌చెరులో పాతికేళ్లు జొన్నలతో కాపురం చేసి
వెస్ట్ మారేడ్‌పల్లిలో మిగిలిపోయిన ఆస్ట్రేలియా మనిషి.
మొదటి రోజు ఏ ఊరని అడిగితే “డబ్బో” అన్నాడు.
ఇదేం జబ్బో అనుకున్నాను.
నిజంగానే ఊరి పేరట, పేరులో తప్ప ఊళ్లో లేదట.

ఇవాళ పాఠం: మనం, మేము.
“మీ ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట.
మాకట్లా కుదరదు.
ఎదుటివాణ్ణి పంక్తిలో కూచోబెడితే మనం,
గడప అవతల నిలబెడితే మేము.”

కింద ఎవరో గెలుపు సభలో
వుయ్, వుయ్ అంటున్నారు.
డెస్ పెన్ను ఆపాడు.
“టీచర్ గారూ, అది ఏది?”

నేను చెప్పేలోపు తనే మొదలుపెట్టాడు,
సగం తెలుగు, సగం గొంతు సవరింపు.
“యుద్ధానికి బయల్దేరేటప్పుడు మనం.
గోధుమ బేరం దగ్గర మేము.
పుట్టినరోజుకో నంబరు, నంబరుకో చెక్క గోళీ,
పీపాలో వేసి తిప్పేవారు,
బోనాలప్పుడు మీ కాలనీ హౌసీ లాగే.
మా అన్న బ్రెండన్ గోళీ వచ్చింది.
నాది రాలేదు.
వియత్నాం ఎక్కడుందో అమ్మ అట్లాసులో వెతికింది.
తిరిగొచ్చాడు. గొర్రెల షెడ్డులో పడుకునేవాడు.

ఎడారి మధ్య తెల్ల గుమ్మటాలున్నాయి మాకు.
మాకు కాదు, మనకు. ఆగండి, వాళ్లకు.
ఇంకా నీళ్లు తాకని జలాంతర్గాములకి
ఇప్పటి నుంచే కంతులు కడుతున్నాం,
చిట్టీ ఎప్పుడు పాడతారో తెలీదు.”

పాఠంలో రాజకీయం వద్దని నా నియమం.
ఆ సాయంత్రం నేనే తప్పాను.
ఆటోలో కోఠి తీసుకెళ్లాను,
ముప్ఫై ఏళ్లు ఛందస్సు చెప్పిన కాలేజీకి,
మెట్ల పక్క రాతి సింహాల దగ్గరికి.

“ఇక్కడుండేవాడు నిజాంకి స్నేహితుడు.
స్నేహితుడి పటాలం కాపలాకి,
పటాలం జీతం నిజాం ఖాతాకి.
ఆ జీతాల కిందే రాసిచ్చారు
కడప, బళ్లారి, అనంతపురం.
మాది ప్రొద్దుటూరు. సీడెడ్ వాళ్లం అంటారు చూడండి,
అంటే ఒక స్నేహం బిల్లులో మేమొక పద్దు.
తర్వాతెప్పుడో తీరిగ్గా
నమ్మకమైన మిత్రుడని బిరుదు కూడా ఇచ్చారులే.”

సింహం ముక్కు మీద దుమ్ము తుడిచాడు డెస్.
“మా రాజధానిలో స్తంభం మీద ఒక గద్ద ఉంది,
వాళ్లకి కృతజ్ఞతగా మేమే చందాలేసి కట్టాం.
దూరం నుంచి చూస్తే
రెక్కలు కుందేలు చెవుల్లా కనిపిస్తాయి.”
ఇద్దరం నవ్వాం.
ఎవరో పిల్లలు మమ్మల్ని పక్కకి జరగమన్నారు,
సెల్ఫీకి అడ్డొస్తున్నామని.

మర్నాడు హోంవర్కు పంపాడు.
గుడి దీర్ఘాలు అటూ ఇటూ, ఒత్తులు గాల్లో.
నాలుగో వాక్యం:
“ఓటు వాళ్లు వేస్తారు. నిద్ర మనకు పట్టదు.”
ఆ ‘మనకు’ కింద గీత, పక్కన ప్రశ్నార్థకం.
నేనున్నానా అందులో? మోజెస్ గారు?
నాలుగు దేశాల నౌకలు వరసగా నిలబడి దిగిన ఫోటో
నిన్నటి పేపర్లో ఉంది. మన జెండా కూడా.
ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

వచ్చే బుధవారం కర్మణి ప్రయోగం.
తెలుగులో వాడుక తక్కువ.
“బాంబు వేయబడింది” అంటే
ఎవడేశాడని అడుగుతారు మా వాళ్లు.
“పొరపాట్లు చేయబడినవి” లాంటి ఉదాహరణలు
ఆయన్నే తెచ్చుకోమంటాను.
వాళ్లింట్లో బోలెడుంటాయి.