మైకు అద్దె

నాకు తెలుగు చదవడం రాదు.
పుట్టింది పెరంబూరులో, బడి అరవంలో,
అమ్మ తిట్లు మాత్రం తెలుగులోనే.
అందుకే ఆ సాయంత్రం హాలు ముందు కట్టిన బట్ట మీద
ఏ నాటకం పేరుందో, నాకవి వట్టి గుండ్రాలు.
రెండు స్పీకర్లు, నాలుగు మైకులు,
అద్దె రెండువేలు, అడ్వాన్సు పన్నెండొందలు.
నాకు తెలిసిన కథ అంతే.

గజేంద్రనాయుడు గారు
కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి దిగిన మనిషి.
కిరీటం పెట్టుకున్నాక కళ్ళజోడు ఎక్కడ దాచాలో తెలీక
నా చేతికిచ్చాడు.
నా చొక్కా జేబులో రాజుగారి చూపు.

మొదటి పద్యం ఎత్తుకోగానే మైకు ఈలేసింది.
వేలితో సైగ చేశాడు, దించు.
దించాను. ఇంకా.
సున్నా దాకా దించితే
గొంతొక్కటే మిగిలింది,
వెనకాల కుంటుకుంటూ హార్మోనియం.
చివరి అక్షరాన్ని పట్టుకుని ఆయన ఎటో పోయాడు,
దారం వదులుతూనే ఉన్నాడు.
ఊపిరి ఎక్కడ తెగుతుందోనని లెక్కపెట్టాను,
అరవంలో, పదిహేడు దాకా.
మాటల్లో సగం తెలియలేదు.
ఒళ్ళు జలదరించింది ఆ సగానికే.

రాజ్యం పోయింది.
తెర మార్చడానికి పది నిమిషాలు పట్టింది.
శ్మశానం బల్బుకు ఎర్ర కాగితం చుట్టింది నేనే.
రాజు ఇప్పుడు కాటికాపరి.
రాణి ఒళ్ళో చచ్చిపోయిన కొడుకు,
యోగేష్, రాణి వేషం కట్టిన మునిలక్ష్మి గారి మనవడు.
వాడి చెంప మీద దోమ వాలింది.
హాలంతా ఏడుస్తోంది, నేను దోమను చూస్తున్నాను.
కడుపు నిండా తాగింది. వాడు కదల్లేదు.
ఆవిడ పద్యం ఆపకుండానే
కొంగుతో తన కళ్ళు తుడుచుకుని
అదే కొంగుతో వాడి చెంప తుడిచింది.
అప్పుడొచ్చింది నాకు ఏడుపు.
ఎందుకని నన్నడక్కండి.

"వన్స్ మోర్!" అన్నాడు ముందు వరసలో ఎవరో పెద్దాయన.
ఆవిడ గొంతు సవరించుకుంది,
బిడ్డను మళ్ళీ సరిగ్గా పడుకోబెట్టి
మొదటి నుంచి ఏడ్చింది.
రెండోసారి ఇంకా బాగా.

ఆ తర్వాత ఆయన సుంకం అడిగాడు,
సొంత భార్యను, సొంత బిడ్డను కాల్చడానికి.
అయ్యో అంది హాలు.
నాకు నా ఎనిమిదొందలు గుర్తొచ్చాయి.
సమాజం లెక్కలు మునిలక్ష్మి గారి దగ్గరే.
బాకీ అడగాల్సింది ఆవిడనే.

ఆట ముగిసింది.
మోచేతికీ బొటనవేలికీ మధ్య వైర్లు చుట్టాను,
మామూలు కంటే నెమ్మదిగా.
చచ్చిన పిల్లాడు బోండా నములుతూ
నా మైకు స్టాండును గిరగిరా తిప్పుతున్నాడు.
కళ్ళజోడు పెట్టుకుని రాజుగారు
నా మొహం అప్పుడే సరిగ్గా చూశాడు.
"మైకు బాగా పెట్టావయ్యా."

అడక్కముందే ఆవిడ పర్సు తీసింది.
ఎనిమిదొందలు, ఒక నోటుకు బుగ్గ రంగు.
"లెక్క చూసుకో," అంది, ఇంకా సగం రాణిలాగే.
చూసుకోలేదు.

లోడు ఆటోలో, వ్యాసార్పాడి బ్రిడ్జి కింద,
ఆ చివరి అక్షరాన్ని నేనూ పట్టుకుని చూశాను.
డ్రైవరు వెనక్కి తిరిగాడు.
ఆరు దాకా వచ్చింది.